డబ్బు వాపసిస్తే బాకీ తీరినట్టేనా?

"విమానాల గొడవ మన సావనీరులో ఎందుకోయ్? హాస్టలు మెస్సు గురించి రాయి, స్కాలర్‌షిప్పుల గురించి రాయి" అని కొందరు మిత్రులు నన్ను ఎగతాళి చేశారు. వాళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు. మన నాన్నల కాలంలో విమానం ఎక్కేవాడంటే మంత్రిగారో, మిల్లు యజమానో అయివుండేవాడు. బేగంపేట గోడ పక్కన నిలబడి, నెత్తి మీదుగా పోయే విమానాన్ని మెడ నొప్పెట్టేదాకా చూడటమే మనబోటివాళ్ళకు దక్కేది. కానీ ఇవాళ శంషాబాదులో ఒక గంట నిలబడి క్యూలో వున్నవాళ్ళ ముఖాలు చూడండి. జగిత్యాల నుంచి దుబాయికి పోయే మేస్త్రీ, బ్యాంకు అప్పుతో పైచదువుకు పోయే అమ్మాయి, కూతురి పురిటికి పోయే తల్లి, ఇంటర్వ్యూకి పోయే మన సీనియరు. వీళ్ళెవరూ విలాసానికి విమానం ఎక్కడం లేదు. ఫలానా తారీఖున ఫలానా ఊళ్ళో వుండక తప్పదు గనుక ఎక్కుతున్నారు.

అందుచేత నేనొక ప్రశ్న వేస్తున్నాను. ఒక విమాన కంపెనీ ఒకనాడు "ఇక ఆ ఊరికి మేము పోము" అని నిర్ణయించుకుంటే, అప్పటికే టికెట్టు కొని ఇంట్లో పెట్టుకున్నవాడి గతి ఏమిటి? "డబ్బు వాపసిస్తాం గదా" అంటారు కంపెనీవారు. ప్రభుత్వం కూడా చాలావరకు ఆ మాటే అంటున్నది. అది చాలదని నా వాదన. టికెట్టు కొన్నవాడు కంపెనీకి చేబదులిచ్చినవాడు కాదు, అసలు తిరిగి ముట్టగానే దండం పెట్టి వెళ్ళిపోవడానికి. అతడు ప్రయాణం కొన్నాడు. అతనికి రావలసింది ప్రయాణమే.

ఊళ్ళను విమానాలు వదిలిపెట్టడం మనకు కొత్త కాదు. నిజాం ప్రభుత్వం, టాటావారు కలిసి 1945లో బేగంపేట కేంద్రంగా దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో విమాన సంస్థల జాతీయకరణ జరిగినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. చిన్న ఊళ్ళకు కూడా విమానం నడపాలని 1981లో కేంద్రం వాయుదూత్‌ను మొదలుపెట్టింది. రాజమండ్రివంటి ఊళ్ళు ఆ చిన్న విమానాలను చూశాయి. నష్టాలు పెరిగి 1993లో అదీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమయింది. అవి సర్కారీ సంస్థలు గనుక, విమానం రాకపోతే ఎవరిని నిలదీయాలో జనానికి కనీసం తెలిసేది. ఎం.పీ.గారి ఇంటి ముందు నిలబడేవారు. పార్లమెంటులో ప్రశ్న వచ్చేది.

ఇప్పుడు ఎవరిని అడగాలి? మన తెలుగువాళ్ళు పెట్టిన కంపెనీల సంగతే చూద్దాం. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా ఎగిరింది. విశాఖ, తిరుపతి, హైదరాబాదులను కలిపింది. విమానాలు అద్దెకిచ్చినవారితో తగవు వచ్చి, 2017 ఫిబ్రవరి 28న ఆగింది, మళ్ళీ లేవలేదు. హైదరాబాదు కేంద్రంగా 2015లో ట్రూజెట్ వచ్చింది. కడప, నాందేడు, బళ్ళారి దగ్గరి విద్యానగర్ వంటి పెద్ద కంపెనీలు కన్నెత్తి చూడని ఊళ్ళకు విమానాలు నడిపింది. ఆ మేరకు మెచ్చుకోవలసిందే. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది.

కడప, నాందేడు విమానాలు 2017లో మొదలైన ఉడాన్ పథకం కిందివి. గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయల చొప్పున కొన్ని సీట్లు అమ్మాలి, దానివల్ల వచ్చే లోటును ప్రభుత్వం మూడేళ్ళపాటు పూడుస్తుంది అన్నది పథకం. ఆ లోటు పూడ్చే నిధి కోసం పెద్ద నగరాల మధ్య నడిచే విమానాల మీద సుంకం వేశారు. అంటే హైదరాబాదు నుంచి ఢిల్లీ పోయేవాడు కూడా అందులో తన వాటా కట్టాడన్నమాట. మరి ఫలితం? కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో పార్లమెంటుకిచ్చిన నివేదిక ప్రకారం, మూడో విడత వరకు కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళ గడువు పూర్తిచేసుకున్నవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. నూటికి ఏడన్నమాట! మొదలై ఆగిపోయిన ప్రతి రూటు వెనకా టికెట్టు కొన్నవాళ్ళు కొందరు వుండివుంటారు గదా. ఆ లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

ఇక్కడ రెండు సంగతులను విడదీసి చూడాలి. ఒకటి, కంపెనీయే కూలిపోవడం. రెండు, కంపెనీ నిక్షేపంగా వుండి ఒక ఊరిని మాత్రం వదిలేయడం.

కూలిపోయిన కంపెనీ విషయంలో ప్రయాణికుడి పరిస్థితి బొత్తిగా దయనీయం. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. దానిని అమ్మి అప్పులు తీర్చవలసిందని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. గో ఫస్ట్ 2023 మే 3న ఆగినప్పుడు "రెండు మూడు రోజులే" అన్నారు. తర్వాత గడువు పొడిగిస్తూ, పొడిగిస్తూ నెలలు గడిపారు. 2025 జనవరిలో అదీ లిక్విడేషన్‌కు పోయింది. దివాలా చట్టం కింద ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్ములో ఖర్చులు పోను, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, కార్మికుల బకాయిలు ముందుంటాయి. టికెట్టు కొన్నవాడు వరుసలో ఎక్కడో వెనక. ప్రయాణం చేయకముందే పూర్తి పైకం చెల్లించిన ఒకే ఒక తప్పుకు ఆ శిక్ష!

రెండో సంగతే నా అసలు విషయం. దానికి వర్తించే నిబంధనలు పౌర విమానయాన డైరెక్టరేట్ 2010లో చేసి, తర్వాత సవరిస్తూ వచ్చింది. సారాంశం ఇది. విమానం రద్దయితే రెండు వారాల ముందు తెలియజేయాలి. ప్రయాణికుడికి వేరే విమానమో, డబ్బు వాపసో, అతనికి సమ్మతమైనది ఇవ్వాలి. సరిగా తెలియజేయకుండా చివరి ఘడియలో రద్దుచేస్తే, ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల వరకు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినంత, ఏది తక్కువైతే అది, పరిహారంగా ఇవ్వాలి. తుపాను, సమ్మెవంటివి అయితే పరిహారం లేదు.

చదవడానికి బాగానే వుంది. కానీ ఈ నిబంధన ఒక్కొక్క విమానం రద్దును దృష్టిలో పెట్టుకుని రాసింది. ఊరికి ఊరునే వదిలేసినప్పుడు "వేరే విమానం" అనే మాటకు అర్థమేముంది? ఆ ఊరికి ఆ కంపెనీకి వేరే విమానమే లేదాయె! ఇక మిగిలింది వాపసు ఒక్కటే. రెండు వారాల ముందు ఫోనుకు ఒక సందేశం పంపితే, చట్టం దృష్టిలో కంపెనీ గంగలో మునిగి లేచినంత పవిత్రం.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. పరిశోధన సీటు ఇంటర్వ్యూ కోసం నేను వేరే రాష్ట్రంలోని ఒక ఊరికి పోవలసి వచ్చింది. కంపెనీ పేరు చెప్పను. ఊరి పేరు చెబితే కంపెనీ పేరు చెప్పినట్టే గనుక అదీ చెప్పను. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో రెండు నెలల ముందే 3,200 పెట్టి టికెట్టు కొన్నాను. ప్రయాణం ఇరవై రోజులుందనగా ఫోనుకు సందేశం వచ్చింది, విమానం రద్దయిందని. ఫోను చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, "ఆ సెక్టారు క్లోజ్ అయింది సార్, రీఫండ్ తీసుకోండి" అన్నది. "రీఫండ్ వద్దమ్మా, నేను ఆ రోజు అక్కడ వుండాలి. ఇంకో కంపెనీలో పంపండి" అన్నాను. "అలా వీలుండదు సార్" అన్నది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమెకు నేర్పిన పాఠం అదే. ఇంకో కంపెనీ టికెట్టు, మధ్యలో ఒకచోట మారి, 9,400. రైల్లో వెయిటింగ్ లిస్టు. చివరికి జనరల్ బోగీలో, ఒక రాత్రి నిలబడీ, ఒక రాత్రి కూచునీ, ఇంటర్వ్యూకి గంట ముందు దిగాను. డబ్బు నెల దాటాక వచ్చింది, ఏజెంటు తన కమీషను మినహాయించుకుని.

మా నాన్న రైల్వేలో చేసి రిటైరైన మనిషి. నేను కోపంతో ఊగిపోతుంటే ఆయన నిమ్మళంగా అన్నమాట ఇది: "పైసలైతే వాపసిచ్చిండ్రు బిడ్డా. మరి నీ తారీఖు ఎవరిస్తరు?"

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఆ ఒక్క మాటలో వుంది. కంపెనీ మనకు అమ్మినది సీటు మాత్రమే కాదు, తారీఖు కూడా. ముందుగా కొంటే చవక అని ఊరించి అమ్మింది. మనం ఆ తారీఖు మీద సెలవు పెట్టుకుంటాం, పెళ్ళికి ఒప్పుకుంటాం, వీసా గడువు లెక్కవేసుకుంటాం, ఆసుపత్రిలో పేరు రాయించుకుంటాం. కంపెనీ వెనక్కి తగ్గిన రోజున, పాత ధర మన చేతిలో పెట్టి, కొత్త ధరల బజారులోకి నెడుతున్నది.

ఇదే మాట సముద్రాల అవతలికి పోయేవాళ్ళకూ వర్తిస్తుంది. ఎయిరిండియా 2021 జనవరిలో హైదరాబాదు నుంచి చికాగోకు నేరుగా విమానం వేస్తే ఎందరో సంబరపడ్డారు. అది ఎక్కువకాలం నిలవలేదు. తర్వాత 2025 సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ విమానాన్ని ఆపేసింది. ఆగస్టులోనే ప్రకటించింది. పాత విమానాలను మరమ్మతులకు పంపడంతో విమానాలు చాలడం లేదనీ, పాకిస్తాన్ గగనతలం మూసివేతతో దారి దూరమయిందనీ కారణాలు చెప్పింది. అబద్ధపు కారణాలని నేననను. టికెట్లు కొన్నవారికి వేరే విమానాల్లో మార్పు, లేదా పూర్తి వాపసు అన్నది. న్యూయార్కు, నెవార్క్, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల దాకా తమ విమానం, అక్కణ్ణుంచి భాగస్వామ్య కంపెనీల విమానం అని చెప్పింది. చాలా కంపెనీలకంటే ఇది మెరుగే, ఒప్పుకుంటాను.

అయితే వర్జీనియాలో కొడుకు దగ్గరికి పోయే సికిందరాబాదు తల్లిని ఒకసారి తలచుకోండి. ఆమె శంషాబాదులో ఎక్కి ఢిల్లీలో ఒక్కచోట మారితే చాలు, హిందీ వస్తుంది గనుక ఎవరినో ఒకరిని అడిగి నెట్టుకొస్తుంది. దిగేచోట కొడుకు నిలబడి వుంటాడు. ఇప్పుడు ఆమె న్యూయార్కులో దిగి, ఇమిగ్రేషను అధికారికి ఒంటరిగా జవాబులు చెప్పి, పెట్టెలు తీసుకుని మళ్ళీ అప్పగించి, ముక్కూ ముఖం తెలియని ఇంకో కంపెనీ విమానం పట్టుకోవాలి. కాగితం మీద రెండూ "హైదరాబాదు-వాషింగ్టన్"లే. మోకాళ్ళ నొప్పులున్న ఆ తల్లికి రెండూ ఒకటేనా? ప్రయాణాన్ని ఊళ్ళ పేర్లతో కాదు, ప్రయాణించే మనిషితో కొలవాలి.

కంపెనీల తరఫున ఒక వాదముంది. దాన్ని దాటవేయను. "నష్టం వచ్చే రూటులో ఎంతకాలం నడపమంటారు? మాది ధర్మసత్రం కాదు గదా?" అంటారు. న్యాయమే. నడపవద్దనే హక్కు వాళ్ళకుంది. ఆ హక్కు రేపటి టికెట్లకు వర్తిస్తుంది, నిన్న అమ్మిన టికెట్లకు కాదు. అదే నేను ప్రయాణం మానుకుంటే కంపెనీ ఏం చేస్తుంది? చివరి ఘడియలో రద్దు చేసుకుంటే పన్నులు, విమానాశ్రయ రుసుములు తప్ప తక్కినది దాదాపు పోయినట్టే. నేను మాట తప్పితే నా సొమ్ము కంపెనీకి. కంపెనీ మాట తప్పితే నా సొమ్మే నాకు, అదీ నెలల తరబడి వడ్డీ లేకుండా వాడుకున్న తర్వాత! ఈ తక్కెడలో రెండు సిబ్బెలూ సమానమేనా, కామర్సు మిత్రులు చెప్పాలి.

2020 లాక్‌డౌను నాటి టికెట్ల విషయంలో సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరు 1న తీర్పు చెబుతూ, వెంటనే డబ్బు ఇవ్వలేని కంపెనీలు దాన్ని జమగా వుంచుకోవచ్చునంది. అయితే దానిమీద నెలకు అర శాతం, తర్వాత ముప్పాతిక శాతం చొప్పున విలువ పెంచాలన్నది. ప్రయాణికుడి సొమ్ము ఊరికే వాడుకోవడానికి లేదన్న సూత్రం ఆ తీర్పులో వున్నది. అది మహమ్మారి రోజులకు మాత్రమే ఎందుకు పరిమితం కావాలి?

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారు? యూరపులో 2005 నుంచి అమలులో వున్న నిబంధన ప్రకారం, డబ్బు వాపసా, గమ్యం చేర్చడమా అన్నది ప్రయాణికుడు ఎంచుకోవాలి. కెనడాలో ఇంకా స్పష్టంగా వుంది. పెద్ద కంపెనీ తన చేతిలోని కారణంవల్ల విమానం రద్దుచేసి, తొమ్మిది గంటల లోపల తన విమానంలోగానీ, తన భాగస్వామి విమానంలోగానీ పంపలేకపోతే, పోటీ కంపెనీలోనైనా సరే సీటు కొని పంపాలి. 

మన దగ్గర వీలు కాదంటారా? 2008 మార్చి 22 అర్ధరాత్రి బేగంపేట మూసి, శంషాబాదు తెరిచారు. సికిందరాబాదువాళ్ళకు ఆటోలో పోయే విమానాశ్రయం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరమయిందన్న బాధ వేరు. కానీ ఒక నగరపు విమానాలన్నీ ఒక్క రాత్రిలో మకాం మార్చాయి, పాత టికెట్లే కొత్తచోట చెల్లాయి. అలాగే 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయి, శంషాబాదులో జనం నేలమీద పడుకున్నప్పుడు, కేంద్రం డిసెంబరు 6న ఛార్జీలకు గరిష్ఠ పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు 7,500 దాటరాదంది. మర్నాటికల్లా బాకీవున్న వాపసులు పూర్తిచేయాలంది. మనసుంటే ఒక్క రోజులో అయ్యే పనులే ఇవన్నీ. గగ్గోలు పెద్దదైతేనే మనసు కలుగుతున్నది. కడప నుంచో, నాందేడు నుంచో ఒక్క విమానం ఆగితే ఏ టీవీ కెమెరా వస్తుంది?

రైల్వేను నెత్తిన పెట్టుకోవాలని నేననడం లేదు. లాక్‌డౌను తర్వాత ఎన్నో చిన్న స్టేషన్లలో రైళ్ళు ఆగడం మానేశాయి, ఆ ఊళ్ళవాళ్ళు ఇంకా వినతిపత్రాలు ఇస్తూనే వున్నారు. ఐనా రైలు రద్దయితే ఇంటర్నెట్టులో కొన్న టికెట్టు డబ్బు అడగకుండానే వచ్చి పడుతుంది. ఆపాటి మర్యాద విమానానికి లేకపోవడం విడ్డూరం.

కాబట్టి నేను కోరేవి నాలుగు. ఒకటి, ఒక ఊరిని వదలాలని నిర్ణయించిన కంపెనీ కనీసం రెండు నెలల ముందు బహిరంగంగా ప్రకటించాలి, ఆ క్షణం నుంచి అక్కడికి టికెట్లు అమ్మకూడదు. రెండు, అప్పటికే అమ్మిన ప్రతి టికెట్టుకూ, ప్రయాణికుడు కోరితే, అదే తారీఖున వేరే కంపెనీలోనో, వీలుకాకపోతే దగ్గరి విమానాశ్రయం దాకా విమానం, అక్కణ్ణుంచి రైలో బస్సో, తన ఖర్చుతో పెట్టి గమ్యం చేర్చాలి. మూడు, వాపసు కోరినవారికి, ఏజెంటు ద్వారా కొన్నా సరే, అడగకుండానే వారం లోపల పూర్తిగా చేరాలి. నాలుగు, ప్రయాణం పూర్తయ్యేదాకా టికెట్టు సొమ్మును వేరే ఖాతాలో వుంచాలి, కంపెనీ దివాలా తీస్తే బ్యాంకులు దాన్ని ముట్టుకోరాదు.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. రద్దు సందేశం రాగానే తొందరపడి "రీఫండ్" మీట నొక్కవద్దు. "నన్ను గమ్యం చేర్చండి" అని ముందు రాతపూర్వకంగా అడగండి. కాదంటే ఆ జవాబు, కొత్త టికెట్టు రసీదు భద్రపరచండి. కేంద్రంవారి ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు చెప్పండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మనం కాపురముండే జిల్లా కమిషనులోనే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు కూడా లేదు. లా చదివే మిత్రులు, యూనియను గదిలో వారానికొక సాయంత్రం కూచుని ఇలాంటి ఫిర్యాదులు రాసిపెడితే, ఈ సావనీరు అచ్చువేసిన ఖర్చుకు సార్థకత వుంటుంది.

విమాన కంపెనీకి మన ఊరు పటంలో ఒక చుక్క. లాభం లేదనుకుంటే చెరిపేస్తుంది. చెరిపేసుకోనివ్వండి. కానీ ఆ చుక్క చేరడానికి ముందే వెల కట్టినవాణ్ణి దారిలో దించేసి, చిల్లర చేతిలో పెట్టి పొమ్మనే హక్కు ఎవరికీ లేదు. ఆ మాట గట్టిగా అడగడం చదువుకున్న మనవంతు.